ఎర్రగుడ్డ మీద అట్లకాడ

రిటైరైన మెకానిక్కు ఉన్న ఇంట్లో ఏ వస్తువుకూ ప్రశాంతత ఉండదు. మా ఇంట్లో కుర్చీల కాళ్లన్నీ బిగించేశాను. కారని కుళాయిని విప్పి చూశాను, ఆ తర్వాత అది నిజంగానే కారడం మొదలుపెట్టింది. మిక్సీని మా ఆవిడ బియ్యం డబ్బా వెనక దాచి, "దానికేటీ రోగం నేదు, దాని జోలికెల్లకు" అని ఒట్టు వేయించుకుంది. పొద్దున్న రైలు కూత వినబడితే చాలు, కాళ్లు వాటంతటవే చెప్పుల్లో దూరతాయి. వీధి చివరిదాకా వెళ్లి, వెళ్లాల్సిన చోటేదీ లేదని గుర్తొచ్చి వెనక్కి వస్తాను. చివరికి మా ఆవిడే ఈ కాగితాలూ పెన్నూ తెచ్చి చేతిలో పెట్టింది. నేను రాస్తున్నంతసేపైనా ఇంట్లో మిగిలిన సామాను బతుకుతుందని ఆమె ఆశ.

ఈ బెంగాలీ ఊళ్లో మన టికియాపారా పేట కుర్రాళ్లు కొందరు ఈ మధ్య బళ్ల పనిలో దిగారని విన్నాను. ఇది మీకోసమే. తెలుగు ఇంట్లో గడగడా మాట్లాడతారు, చదవమంటే తల గోక్కుంటారు. కాబట్టి అమ్మ చేతో తాత చేతో చదివించుకోండి. ఫోన్లో వీడియోలు చూసి ఇంజన్లు విప్పేస్తున్నారట. విప్పండి, నాకేం అభ్యంతరం లేదు. నేను చెప్పబోయేది ఇంజను సంగతి కాదు. మోటారుసైకిలు ముందు చక్రం షాకరులోంచి పాత ఆయిల్ సీలు ఊడదీసే సంగతి. చంటిపిల్ల గాజంత వస్తువు అది. దాన్ని పీకలేక నేను ఒక రోజంతా పిచ్చెక్కినట్టు తిరిగాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. షాకరులో పైన మెరిసే పైపు ఒకటి ఉంటుంది, అది లోపలికి దిగే కింది గొట్టం ఒకటి. ఆ గొట్టాన్ని మేం బాటమ్ అంటాం. బాటమ్ మూతి దగ్గర రేకూ రబ్బరూ కలిసిన సీలు కూర్చుని, లోపలి నూనె బయటికి రాకుండా కాపలా కాస్తుంది. అది పాడైతే నూనె కారి ముందు బ్రేకు మీద పడుతుంది. మీరు బ్రేకు నొక్కుతూనే ఉంటారు, బండి దాని దారిన అది పోతూనే ఉంటుంది. ఆ పాత సీలు తీయాలంటే ఓపిక కావాలి. బాటమ్ అల్యూమినియం, మెత్తగా ఉంటుంది. ఒకేచోట పట్టుకుని పీకితే సీలు రాదు సరికదా, బాటమ్ మూతి చెడుతుంది. ఈ ముక్క నేను కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి నోటికన్నా ముందు పరిగెత్తేది.

మా వర్క్‌షాపు రైలు పట్టాల గోడ పక్క గల్లీలో ఉండేది. యజమానిని మాలిక్ అనేవాళ్లం. కేకలు వేసే మనిషే గాని, నెల తిరిగేసరికి జీతానికి లోటు చేయలేదు. నా పక్క బల్ల మీద పనిచేసేది బెంగాలీ మిస్త్రీ, అంటే మెకానిక్కు. వయసులో నాకన్నా పెద్దవాడు. అందరికీ ఆయన దాదాయే, అంటే అన్నే, మాలిక్‌కి కూడా. నట్టు విప్పే ముందు ఆయన దాన్ని కాసేపు చూసేవాడు. నేను విప్పేశాక చూసేవాణ్ని. అయినా ఇద్దరి పనీ సాయంత్రానికి ఒకేసారి అయ్యేది, ఎందుకంటే నేను సగం పని రెండుసార్లు చేసేవాణ్ని. దాదా కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా వెనక వీధిలో ఒకామె ఉండేది, ఇప్పటికీ ఉంది. మా శ్రీకాకుళం వైపు మనిషే. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లీ అంటాను. ఆమె భర్త ఓడల డాకులో మూటలు మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆయన ఇంట్లో పిండి రుబ్బుతాడు, ఆయన బండి ఆమె నడుపుతుంది. పాతకాలపు మోటారుసైకిలు. దానికి వెనక ఇనపచట్రం వెల్డింగు చేయించి, ఇడ్లీ డబ్బాలు, సాంబారు క్యాను, దోసె పెనం, చిన్న గ్యాసు పొయ్యి కట్టుకుని, పొద్దున్నే పెద్ద వంతెన దాటి సాల్ట్ లేక్‌లో ఆఫీసుల వీధికి వెళ్లేది. కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు, వాళ్లను దింపే బస్సుల డ్రైవర్లు, గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఫుట్‌పాత్ మీద నిలబడి తినేవారు. ఆ ఇంటికి అన్నం ఆ ఫుట్‌పాతే పెట్టేది.

అక్కడ ఎవరి జాగాకీ హక్కంటూ లేదు. రోజూ ఎవరు నిలబడితే వాళ్లది. కొన్నాళ్లు వరసగా కనబడకపోతే జాగా మారిపోతుంది, అదేమని అడిగే నాథుడుండడు. ఆమె బండికి కుడి షాకరు కారి బ్రేకు పట్టడం మానేసింది. వంతెన దిగేచోట ఒకరోజు బస్సు వెనక భాగానికి ముక్కు తగిలేంత దగ్గరలో ఆగిందట. అప్పటికి భయపడి అద్దె వ్యాను మీద వెళ్లింది. ఆ తర్వాత జ్వరం పడి అసలు వెళ్లలేదు. అక్కడి చాయ్ అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు, పక్కన మోమోలు అమ్మేవాడు ఆమె జాగా మీద కన్నేశాడని, రేపు పొద్దున్న కూడా ఆమె రాకపోతే బల్ల వేసేస్తాడని.

ఆ రేపు విశ్వకర్మ పూజ.

ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆటోకి దండేసి ఆపేస్తారు, వ్యానుకి బొట్టుపెట్టి ఆపేస్తారు. ఏ మెకానిక్కూ పానా ముట్టుకోడు. పనిముట్లన్నీ కడిగి, తుడిచి, ముందురోజు సాయంత్రమే విగ్రహం ముందు ఎర్రగుడ్డ మీద పరిచేస్తాం. మర్నాడంతా వాటికి సెలవు. కంప్యూటరు ఆఫీసులకు మాత్రం సెలవుండదు. వాళ్ల పనిముట్లకు ఎవరు పూజ చేస్తారో నాకు తెలియదు.

ఆమె బండి తోసుకుంటూ ముందురోజు పొద్దున్న వచ్చింది. జ్వరం ఇంకా కళ్లలోనే ఉంది.

"అన్నా, రేపు యానూ దొరకదు, ఆటో దొరకదు. ఈ బండి తప్ప నాకు దారి నేదు. సాయంత్రానికి ఇచ్చీగలవా?" అంది.

"సాయంత్రమేటి, మజ్జాన్నానికే తీసుకెల్లిపో" అన్నాను. ఇలాంటి మాటలు నా నోట్లోంచి చాలా సులువుగా వస్తాయి.

ఎడమ షాకరు మంచిపిల్ల. కారకపోయినా జతగా మారుద్దామని విప్పితే ఒక్క పట్టుకే సీలు వదిలేసింది. కుడిది పేచీ మొదలుపెట్టింది. సీలు పైనుండే లాక్ తీగ వచ్చింది, పైపు వచ్చింది, సీలు మాత్రం బాటమ్‌లో బిగుసుకుని కూర్చుంది. తుప్పు వదిలించే నూనె పోశాను. పోసి ఆగాలి. నేను ఆగలేదు. పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తాను. రబ్బరు చీరింది, రేకు కదల్లేదు. మళ్లీ పెట్టాను. మధ్యలో వెళ్లి చాయ్ తాగాను, గ్లాసు సగంలో వదిలేసి వచ్చి మళ్లీ పెట్టాను. స్క్రూడ్రైవరు జారి బాటమ్ మూతి మీద సన్నటి గీత పడింది.

దాదా పక్కబల్ల మీంచి తల ఎత్తకుండానే, "ధీరే" అన్నాడు.

నెమ్మదిగా అని అర్థం. ఆ మాట ఆయన నాకు చెప్పినన్నిసార్లు మా ఆవిడ కూడా చెప్పలేదు. "ధీరే అంటే రేపవుతుంది దాదా, రేపు మనకి చేతులుండవు" అని అరిచాను. ఆయన లేచి వచ్చి గీతను వేలి మొండితో తడిమి చూశాడు. లోతు లేదని తల ఊపి, మళ్లీ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంకో గీత పడితే కొత్త సీలు పెట్టినా నూనె కారుతుంది. ఈ పాత బండి బాటమ్‌లు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మంట చూపిస్తే పని అయిపోతుంది. అల్యూమినియం వేడికి తొందరగా సాగుతుంది, సీలు వదులవుతుంది. మంటదీపం తీసి వెలిగించబోయాను. మాలిక్ గల్లీలోంచే కేక వేశాడు. గుమ్మం ముందు పందిరి లేస్తోంది, గుడ్డలూ థర్మోకోల్ పూలూ నా తల మీదే వేలాడుతున్నాయి. "దేవుడు రాకముందే ఇల్లు తగలెడతావా!" అన్నాడు. ఆయన మాటా నిజమే. సన్నగా వాన మొదలైంది. మైకువాడు హలో హలో అంటూ నా చెవిలో ఊదుతున్నాడు. ఆ అరుపులో, ఆ తడిలో, బాటమ్‌ని ఒళ్లో పెట్టుకుని నేను ఏడుపొక్కటే తక్కువగా ఉన్నాను.

సాయంత్రం మాలిక్ కిరసనాయిలు తొట్టి తెచ్చి నడుమ పెట్టాడు. ఒక్కొక్కరూ తమ పానాలు తెచ్చి కడిగారు. నేను మాత్రం నా చేతిలోని స్క్రూడ్రైవరు వదల్లేదు. దాదా నా ఎదురుగా నిలబడి చెయ్యి చాచాడు. ఆ చేతిలో ఆ సగం వేలు.

ఆ వేలి కథ ఇది. దాదా కుర్రతనంలో ఒక పూజ రోజు ఎవరో బతిమాలితే చైను బిగించాడట. ఆ ఏడాదే చైనులో వేలు పోయింది. నాకు అలాంటివాటి మీద పెద్దగా నమ్మకం లేదు. కానీ నా ముందు చాచిన చెయ్యి నమ్మకంగా ఉంది. దాని మీద స్క్రూడ్రైవరు పెట్టేశాను. ఆమెకు మధ్యాహ్నానికే ఇస్తానన్న మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆమె వాకిట్లో వానలో నిలబడి చూస్తోంది. ఎప్పుడిస్తావని అడిగితే కోపమైనా తెచ్చుకునేవాణ్ని.

బాటమ్ పనిముట్టు కాదు. అందుకని దాన్ని చంకన పెట్టుకుని, కొత్త సీలు జేబులో వేసుకుని ఇంటికి బయల్దేరాను. మా ఆవిడ చూసి "అదేటది, సేపా?" అంది. అన్నం సయించలేదు. పడుకున్నా చేతులు పడుకోలేదు. తెల్లవారుతుండగా లేచి, అదే చంకలో అదే బాటమ్‌తో వెనక వీధికి వెళ్లాను.

ఆమె అప్పటికే పొయ్యి మీద ఇడ్లీలు దించుతోంది. బండి లేదని తెలుసు, వ్యాను రాదని తెలుసు. అయినా రోజూలాగే పిండి పోసింది, సాంబారు కాచింది. డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ డబ్బాలు చూసి, బండి లేకుండా ఇవన్నీ ఎందుకని అడిగాను.

"మరేటి సేస్తావన్నా, సేతికి అలవాటు" అంది.

లేస్తున్న ఆవిరి చూస్తే నా బుర్రలో ఏదో కదిలింది. "చెల్లీ, ఆ ఆవిరి మీద దీన్ని పెడదాం" అన్నాను.

ఆమె ఇడ్లీ కుండకు అడ్డంగా నిలబడింది. "నా కుండ మీదా? నూనె కంపు కొడితే ఎవుడు తింటాడు?"

అటక మీంచి పాత కుండ దించింది. మూత వంకరపోయి, పనిలోంచి తీసేసి స్నానం నీళ్లకు వాడుతున్న కుండ. రిటైరైన కుండ అని ఇప్పుడైతే అంటాను. నీళ్లు మరిగాక బాటమ్ మూతిని ఆవిరిలోకి దించి, చుట్టూ తడి గోనె కప్పాం. నేను మూత ఎత్తబోయాను. ఆమె నా చేతి మీద ఒకటి వేసింది. మళ్లీ ఎత్తబోయాను, మళ్లీ వేసింది. ఇడ్లీ ఉడికేదాకా మూత తీయని మనిషి ముందు నా తొందర పారలేదు.

కాసేపటికి ఇల్లంతా ఒక వాసన లేచింది. నూనె వాసన కాదు, రోడ్డు వేసేచోట వచ్చే వాసన. లోపల గదిలోంచి ఆమె భర్త, నడుం పట్టుకుని గోడవారగా నడుస్తూ వచ్చాడు.

"అది నా తారే బావా" అన్నాడు.

"ఏ తారు?"

"వానాకాలం పట్టాల కింద దారిలో మోకాల్లోతు నీలు నిలబడతాయి కదా. షాకర్లోకి నీలెల్లకుండా, డాకులో పడవలకి రాసే తారు తెచ్చి ఆ సీలు సుట్టూ కూరీసినాను. కుడేపు ఎక్కువ కూరీసినాను. రాయిలాగ బిగిసిపోద్ది."

"నిన్న పొద్దున్నించి సస్తన్నాను బావా! ముందే సెప్పొచ్చు గదా!"

"నన్నెవులడిగినారు?"

మెకానిక్కులెవరూ నమ్మరు గాని, పడవకు కారనిది బండికి ఎందుకు కారుతుందని ఆయన లెక్క. ఆ లెక్క వల్లే కొన్ని వానాకాలాలు ఆ బండి నీళ్లలో ఈదింది. అది కూడా ఒప్పుకోవాలి.

బాటమ్ బయటికి తీశాం. తారు మెత్తబడి నల్లగా మెరుస్తోంది. గోనెపట్టాతో రెండు చేతులా పట్టుకుని మోకాళ్ల మధ్య నొక్కి ఉంచాను. వదిలితే చల్లారిపోతుంది, పట్టుకుంటే నాకు పీకడానికి చెయ్యి లేదు. పీకడానికి సాధనం కూడా లేదు, అన్నీ ఎర్రగుడ్డ మీదున్నాయి. ఆమె గోడకు తగిలించిన అట్లకాడ తీసింది. ఇనపది, వాళ్ల అత్తగారి నాటిది, అంచు అరిగి పల్చబడింది. బాటమ్ మూతి మీద మడతగుడ్డ వేసి, దాని మీద ఆనించి అట్లకాడ కొసను సీలు కిందికి పోనిచ్చింది.

"ఎత్తు! ఎత్తీ ఒక్కసారి!" అని అరిచాను.

"ఆగన్నా. అంచు ఇడవకుండా ఎత్తితే దోసె సిరిగిపోద్ది." ఒకచోట కొంచెం కదిపి, పక్కకు జరిపి, మళ్లీ కొంచెం కదిపి, చుట్టూ తిరిగొచ్చింది. మళ్లీ మొదట్నుంచి. నేను నలుగురికీ చెప్పిన మాట, నా చేతులు ఎప్పుడూ వినని మాట, ఆ అట్లకాడ వింది. సీలు ఒక పక్క లేచింది, రెండో పక్క లేచింది, చప్పుడు లేకుండా ఊడి నేల మీద పడింది. వాళ్లాయన దాన్ని తీసుకుని ఆప్యాయంగా తిప్పి చూసుకున్నాడు.

వేడి ఉండగానే మూతి తుడిచి, కొత్త సీలు పెట్టి, దాని మీద పాత సీలే బోర్లించి, స్టీలు గ్లాసు అడుగుతో నొక్కి, చపాతీ కర్రతో ఆమే తట్టింది. సీలు సాఫీగా దిగింది. లాక్ తీగ బొటనవేలితో నొక్కితే కూర్చుంది. ఇక బండికి తగిలించడమే. అక్కడే అసలు చిక్కుంది. బోల్టులు బొటనవేలితో బిగవవు.

డబ్బాలు రిక్షాబండి మీద తోసుకుంటూ వర్క్‌షాపు దగ్గరికి వెళ్లేసరికి, దాదా స్నానం చేసి, పంచె కట్టుకుని, విగ్రహం ముందు నేల కడుగుతున్నాడు. నా చంకలోని బాటమ్‌ను చూశాడు, ఆమెను చూశాడు.

"హొబే నా" అన్నాడు. జరగదు అని.

"నేను ముట్టను దాదా. బండి పక్కపెట్టెలో దాని సొంత పానాలున్నాయి, వాటిని మనం పూజలో పెట్టలేదు. ఆమే బిగించుకుంటుంది."

"పానా పానాయే. ఎవరు ముట్టినా ముట్టినట్టే." ఆయన బెంగాలీలో నెమ్మదిగానే అన్నాడు గాని, సగం వేలు మాత్రం గాల్లో లేచింది. దూరంగా ఎవరో పూజ రోజు గాలిపటాల్లో మొదటిది ఎగరేశారు. ఆఫీసుల వీధిలో ఈపాటికి మోమోవాడు బల్ల దించుతుంటాడని నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. నేను నోరు తెరిచేలోపు ఆమె ముందుకొచ్చింది. ఆమెకు నాకన్నా మంచి బెంగాలీ వచ్చు.

"దాదా, పానా మీ పనిముట్టు. మీకు సెలవు. నేను మిస్త్రీని కాను" అంది.

"మరి నీ పనిముట్టేది?"

ఆమె డబ్బాల పక్కనున్న అట్లకాడ తీసి చూపించింది.

దాదా దాన్ని నట్టును చూసినట్టు చాలాసేపు చూశాడు. "ఇది ఈ రోజు పని చేస్తుందా?"

"దోసె వేస్తే చెయ్యాలి కదా."

"అయితే దీన్ని పడుకోబెట్టు. నీ పనిముట్టు నిద్రపోతే, ఇంకొకరి పనిముట్టు నువ్వు పట్టుకోవచ్చు. దేవుడికి నేను చెప్పుకుంటాను."

ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. దాదా అప్పటికప్పుడు కల్పించాడనే నా అనుమానం. కానీ ఆమె నాలాగా అనుమానించలేదు, లెక్క వేసుకుంది. దోసె లేకపోతే వచ్చినవాళ్లలో సగంమంది తిరిగిపోతారు. కొంచెంసేపు అట్లకాడ చేతిలోనే ఉంచుకుంది. తర్వాత కుళాయి కింద తారు వదిలేదాకా తోమి, కొంగుతో తుడిచి, ఎర్రగుడ్డ మీద నా పెద్ద పానా పక్కన పెట్టి, దండం పెట్టుకుంది.

తర్వాత జరిగినంత కష్టం నా ఉద్యోగం మొత్తంలో నేను పడలేదు. ఆమె బండి పక్కన కూర్చుని బోల్టులు బిగిస్తోంది, నేను నిలబడి చూస్తున్నాను. ఒక బోల్టు మర తప్పి అడ్డంగా ఎక్కుతోంది. నా చెయ్యి దానంతటది ముందుకు పోయింది. దాదా ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండోది పోయింది, రెండోదీ పట్టుకున్నాడు. చిన్నపిల్లాణ్ని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు నా రెండు చేతులూ తన చేతుల్లో బిగించుకుని నిలబడ్డాడు. ఆ సగం వేలు నా మణికట్టు మీద ఆనుతోంది.

"వెనక్కి తిప్పు! అడ్డంగా పోతోంది, వెనక్కి!" అని నేను అరుస్తున్నాను.

"తెలస్తందన్నా, తెలస్తంది" అంటూ వెనక్కి తిప్పి, మళ్లీ వేళ్లతో పట్టించి, అప్పుడు పానా వేసింది. నూనె పోసింది. చక్రం ఎక్కించింది. ముందు బ్రేకు నొక్కి బండి బరువంతా దాని మీద వేసింది. షాకర్లు రెండూ కిందికి దిగి పైకి లేచాయి. పైపు మీద చుక్క లేదు. అప్పుడు దాదా నా చేతులు వదిలాడు.

డబ్బాలు కట్టుకుని ఆమె వెళ్లిపోయింది. ఇక మిగిలింది ఎదురుచూడటం. అది నాకు చేతకాని పని. పూజారి వచ్చాడు, మంత్రాలు చదువుతూ పానాల మీద, సుత్తుల మీద, అట్లకాడ మీద కూడా చూడకుండానే పూలు చల్లాడు. మాలిక్ చూశాడు. "ఇదేంటి? ఏ బండికి వాడతారిది?" అన్నాడు. దాదా గంభీరంగా "షాకర్లకి" అన్నాడు. కిచిడీ వడ్డించారు, నా ముందు చల్లారిపోయింది. ఆకాశం నిండా గాలిపటాలు. నేను గల్లీ చివరికీ పందిరికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఫోన్ చేద్దామంటే దాదా ఒప్పుకోలేదు, బండి నడుపుతుంటుందని. బ్రేకు మళ్లీ పోయిందేమో, సీలు పక్కకు ఒరిగిందేమో, వంతెన దిగేచోట ఏ బస్సు ముందు ఆగిందో. చెడు ఆలోచనలకు నా బుర్రలో ఎప్పుడూ జాగా ఉంటుంది, దాన్ని ఎవరూ ఆక్రమించరు.

మధ్యాహ్నం వాలాక బండి చప్పుడు వినబడింది. పరిగెత్తాను. ఆమె మొహం చూడకుండా ముందు వంగి షాకరు చూశాను. పొడిగా ఉంది. అప్పుడు మొహం చూశాను.

"బల్లేసీసినాడన్నా" అంది.

"మొత్తం జాగాలోనా?" అన్నాను.

"మొత్తం కాదు. సగంలో ఏసినాడు. నేనేటీ అన్నేదు. మిగిలిన సగంలో బండెట్టీసి డబ్బాలు దించీసినాను. బస్సులోలందరూ వొచ్చీసినారు. దోసె నేదేటి దీదీ అంటే, నా అట్లకాడ పూజలో వుంది, దానికీవేళ సెలవన్నాను. నవ్వీసి ఇడ్లీలే తిన్నారు. మోమోవోడు నాకేసి సూడ్డమే తప్ప, బల్ల ముందుకి జరపనేదు."

ఖాళీ డబ్బాలు ఆమె ఒక్కొక్కటిగా దించింది. నాకు అప్పుడు పట్టరాని సంతోషం వేసింది. ఏం చేయాలో తెలియక పోయి కిచిడీ మొత్తం తినేశాను.

ఇప్పటికీ ఆ జాగా సగం ఆమెది, సగం మోమోవాడిది. కొన్నాళ్లు పోట్లాడుకున్నారట. ఇప్పుడు ఆమె కొంచెం ఆలస్యమైతే అతనే తన బల్ల కాస్త జరిపి ఉంచుతాడట. షాకర్ల కోసం ఆమె మళ్లీ మా దగ్గరికి రాలేదు. ఎడమది తర్వాత కారితే ఇంట్లో తనే మార్చుకుంది, వాళ్లాయనకు తారు తేవద్దని గట్టిగా చెప్పి మరీ. కానీ ప్రతి ఏడూ పూజ ముందురోజు సాయంత్రం అట్లకాడ తోమి తెచ్చి ఎర్రగుడ్డ మీద పెట్టేది. ఆ ఒక్కరోజు దోసె ఉండదని ఆఫీసుల వీధిలో అందరికీ అలవాటైపోయింది.

ఆ తర్వాత దాదా పని మానేసి తన ఊరు వెళ్లిపోయాడు. ఆ వెనకే నేనూ దిగిపోయాను. వర్క్‌షాపు పానాలు వర్క్‌షాపులోనే ఉండిపోయాయి.

నేను దిగిపోయాక వచ్చిన మొదటి పూజకు, ముందురోజు సాయంత్రం కాళ్లు మళ్లీ అటే లాక్కెళ్లాయి. పందిరి లేచింది. మైకువాడు హలో హలో అంటున్నాడు. కొత్త మిస్త్రీలు వరసగా వచ్చి తమ పానాలు గుడ్డ మీద పరుస్తున్నారు. గుడ్డ మీద నా పానాలు ఉండే చోట ఇంకెవరిదో సుత్తి ఉంది. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను, తీశాను, మళ్లీ పెట్టుకున్నాను. మాలిక్ చూసి కూర్చోమని కుర్చీ చూపించాడు. అది చూసి మరీ బాధేసి, ఇంటికి పోదామని వెనక్కి తిరిగాను.

గుమ్మంలో ఆమె ఎదురైంది. అట్లకాడ చింతపండుతో తోమిందేమో, మెరుస్తోంది. నన్ను చూసింది, ఎర్రగుడ్డను చూసింది, జేబుల్లోని నా చేతులను చూసింది. అట్లకాడ నా ముందుకు చాచింది.

"నా సేతులు కాళీ నేవన్నా, ఈయేడు నువ్వెట్టీ" అంది.

నేను అందుకున్నాను. అట్లకాడ నా చేతికొచ్చాక ఆమె రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.